ఒకటిన్నర చెంచా ఉప్పు



2022 సంవత్సరము జూలై నెలలో ఈ పుటలలోని అతిసారవ్యాధి వ్యాసము పదకొండు రోజుల పాటు కనిపించలేదు. మీలో కొందరు ఏమైనదని అడిగారు. ‘మరమ్మతు జరుగుతున్నది’ అని ముక్తసరిగా జవాబు చెప్పి ఊరుకున్నాను. అది అబద్ధము కాదు, పూర్తిగా నిజమూ కాదు. జరిగినది చెప్పడానికి అప్పుడు సిగ్గు అడ్డు వచ్చింది. ఇప్పుడు చెబుతాను. ఇందులో వైద్యము కొంత, వెబ్ పుటలను నిర్మించే హెచ్‌టిఎంఎల్ అనే గుర్తుల భాష గురించి కొంత ఉంటుంది. ఈ రెండవ విద్య నాకు డెబ్బయ్యవ పడి దాటిన తరువాత, చేసిన పొరపాటు మూలముగా అబ్బినది.

ఆ జూలైలో గోదావరికి వచ్చిన వరద కోనసీమవారు మరచిపోయేది కాదు. మామూలుగా శ్రావణ భాద్రపదములలో వచ్చే పెద్ద నీరు ఆషాఢములోనే వచ్చింది. ధవళేశ్వరము వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేసారు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ లంకలు మునిగి, జనము పశువులతో సహా ఏటిగట్ల మీదకు చేరారు. నేను ఉద్యోగములో ఉండగా 1986 ఆగస్టు వరదను కొత్తపేట ప్రాంతములోను, 1996 నవంబరు 6 నాటి తుపానును అమలాపురములోను చూసాను. రెండు సందర్భములలోను నాకు మిగిలిన జ్ఞాపకము ఒక్కటే. నీరు తీసిన మూడవ నాటి నుండి వాంతులు, విరేచనములు మొదలవుతాయి. నూతులలోనికి, బోరింగుల చుట్టూ మురుగు చేరుతుంది. వరద చంపని పసివాళ్ళను శరీరములోని నీరు పోవడము చంపుతుంది. అందుచేత వరద వార్త వినగానే నా అతిసారపు వ్యాసమును నలుగురికి పంపమని తెలిసినవారందరికీ నేనే చెప్పాను. ఆ సంగతి ముందుగా ఒప్పుకుంటున్నాను.

ఒకనాటి సాయంకాలము ఫోను మ్రోగింది.

“డాక్టరుగారాండీ? ఆయ్, మేం రాజోలు అవతల లంకోళ్ళమండి. గట్టు మీదున్నామండి. మా మనవడికి పదకొండో నెలండి, పొద్దుట్నుంచి నీళ్ళ విరేచనాలండి. మీరు రాసిన ఉప్పూ చక్కెర నీళ్ళు కలిపానండి. చిన్న అనుమానమండి.”

“చెప్పండి మామ్మగారూ.”

“నోట్లో వేసుకుంటే అంతర్వేదిలో మునిగినప్పుడు మింగిన సముద్రపు నీళ్ళలా ఉందండి. అలాగే ఉండాలాండి?”

నా చేతిలోని టీ గ్లాసును క్రింద పెట్టాను. ఎంత ఉప్పు వేసారని అడిగాను.

“మీరు రాసినట్టేనండి, లీటరుకి ఒకటిన్నర చెంచా. చక్కెర దగ్గర ‘8 6’ అనుందండి. ఎనిమిదో ఆరో తెలీక మధ్యలో ఏడేసానండి.”

“బాబుకు పట్టారా?”

“లేదండి. మా కోడలు పట్టేద్దామందండి. నేనే ఆగమన్నానండి.”

ఆ నీటిని పారబోయించి, సరియైన కొలత రెండుమార్లు చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకుని, గట్టు మీది వైద్య శిబిరములో ఓఆర్ఎస్ పొట్లాలు తీసుకొమ్మని చెప్పాను. పిల్లవాడు కోలుకున్నాడు. పదకొండు నెలల శిశువు గండము గడచినది నా వ్యాసము వలన కాదు, మామ్మగారి నాలుక వలన.

ఒకటిన్నర చెంచా అంటే ఏమవుతుందో వైద్యపరముగా చెప్పాలి. గీకి చదును చేసిన ఒక టీ చెంచాలో సుమారు 5, 6 గ్రాముల ఉప్పు పడుతుంది. ఒకటిన్నర చెంచాలంటే 8, 9 గ్రాములు. సిరలలోనికి ఎక్కించే సెలైను లీటరులో ఉండేది 9 గ్రాములు. విరేచనములతో నీరు కోల్పోతున్న శిశువుకు దాహము ఎక్కువ, ఎంత పట్టినా త్రాగుతాడు. అంత ఉప్పు నీరు త్రాగితే రక్తములో సోడియము పెరుగుతుంది, అది మెదడు కణములలోని నీటిని బయటకు లాగుతుంది. దాహము ఇంకా హెచ్చుతుంది. బిడ్డ చికాకుపడి ఏడుస్తాడు, తరువాత మగతలో పడతాడు, మూర్ఛలు రావచ్చు. తల్లి మరికొంచెము అదే నీరు పడుతుంది. ఆసుపత్రికి చేరిన తరువాత కూడా ఆ సోడియమును త్వరగా దించకూడదు. దించితే మెదడు వాచే ప్రమాదము ఉంది. నీరు పోయిన బిడ్డకు చికిత్స చేయడము సులభము, ఉప్పు హెచ్చిన బిడ్డకు చికిత్స చేయడము కత్తి మీద సాము.

నేను ఒకటిన్నర చెంచా అని ఎన్నడూ వ్రాయలేదు. కంప్యూటరులో నా పుట తెరచి చూసాను. చక్కగా ఉంది. 8 అనే అంకె మీద అడ్డగీత, ప్రక్కన 6. 1 అనే అంకె మీద అడ్డగీత, ప్రక్కన ½. తరువాత మామ్మగారి కోడలు తనకు చేరిన సందేశమును నాకు పంపింది. అందులో నా పేరు, నా ఫోను సంఖ్య, నా వాక్యము అక్షరము పొల్లుపోకుండా ఉన్నాయి. రెండు గీతలు మాత్రము లేవు. ‘లీటరు నీటిలో 8 6 చెంచాల చక్కెర, 1 ½ చెంచా ఉప్పు.’

ఆ గీతలు అక్కడకు ఎందుకు వచ్చాయో చెప్పాలి. 2001లో ఆ వ్యాసము మొదట వ్రాసినప్పుడు, అప్పట్లో విరివిగా ప్రచారములో ఉన్న కొలతనే వ్రాసాను: లీటరుకు చదునైన ఎనిమిది చెంచాల చక్కెర, ఒక చెంచా ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1975 నుండి సిఫారసు చేసిన ఓఆర్ఎస్ పొట్లములో కూడ ఉప్పు 3.5 గ్రాములు, గ్లూకోజు 20 గ్రాములు ఉండేవి. ఆ ద్రావణపు సాంద్రత 311 మిల్లీ ఆస్మోల్స్. 2002లో ఆ సంస్థలే దానిని సవరించి ఉప్పును 2.6 గ్రాములకు, గ్లూకోజును 13.5 గ్రాములకు తగ్గించాయి. సాంద్రత 245కు దిగింది. పలచని ద్రావణము ఇచ్చిన పిల్లలలో విరేచనములు, వాంతులు తగ్గాయని, సిరల ద్వారా ద్రవములు ఎక్కించవలసిన అవసరము కూడ తగ్గిందని పరిశోధనలు చూపాయి. ఇంటిలో కలిపే ద్రావణమునకు కూడ ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు అనే కొలత స్థిరపడింది. ఇళ్ళలో చెంచాలు గీకి చదును చేసేవారు అరుదు కనుక, కొలత తప్పితే ఉప్పు తక్కువ వైపే తప్పాలనే వివేకము కూడ ఇందులో ఉంది.

2005లో నేను నా పుటను దిద్దాను. ఎలా దిద్దాలి? ఆసుపత్రి కాగితములలో తప్పు వ్రాస్తే దానిని కనబడకుండా కొట్టివేయకూడదని మాకు మొదటి నుండి నేర్పుతారు. ఒకే ఒక గీత గీయాలి, క్రింద ఏమి వ్రాసి ఉందో చదవడానికి వీలు కావాలి, ప్రక్కన సరియైనది వ్రాసి సంతకము, తేదీ వేయాలి. తుడిచివేసిన కాగితమును న్యాయస్థానము నమ్మదు, గీత గీసిన కాగితమును నమ్ముతుంది. నాలుగు దశాబ్దముల అలవాటు కదా. వ్యాసము వ్రాసే తెరపై అక్షరముల మీద గీత గీసే మీట ఒకటి కనిపించింది, నొక్కాను. సంతకము, తేదీ వేయడానికి మీట కనిపించలేదు, వేయలేదు.

నా మనవరాలు హైదరాబాదులో వెబ్ పుటలు నిర్మించే ఉద్యోగము చేస్తుంది. ఆ రాత్రి ఆమెకు ఫోను చేసి చదివి వినిపించాను.

“తాతయ్యా, మీ పుట మూలరూపము తెరిచారా? ఆ గీత ఏ ట్యాగుతో పెట్టారు?”

“నేనేమీ పెట్టలేదమ్మా, మీట నొక్కాను.”

ఆమె తన వద్దనే తెరచి చూసి నవ్వింది. నేను నొక్కిన మీట పెట్టినది ‘స్ట్రైక్’ అనే ట్యాగు. హెచ్‌టిఎంఎల్ ప్రమాణములలో అది 1997 జనవరి నాటి 3.2 కూర్పులో ఉంది. అదే సంవత్సరము డిసెంబరులో వెలువడిన 4.0 కూర్పు, దానిని ఇక వాడవద్దని చెప్పవలసినవాటి జాబితాలోనికి నెట్టింది. అంటే నేను గీత గీసే నాటికే ఆ గీతకు కాలము చెల్లి ఏడేళ్ళు దాటింది.

“మరి నా పుటలో ఇప్పటికీ గీత కనబడుతోంది కదమ్మా?”

“కనబడుతుంది తాతయ్యా. పాతవి చూపడము మానేస్తే ప్రపంచములో సగము పుటలు పాడవుతాయి.”

దీనిని నేను నాదైన రీతిలో అర్థము చేసుకున్నాను. మా ఇంటికి ఇప్పటికీ ఒక బంధువు వ్రాసే ఉత్తరముల మీద ‘అమలాపురము తాలూకా, తూర్పు గోదావరి జిల్లా’ అని ఉంటుంది. తాలూకాలు పోయి మండలములు వచ్చినది 1985లో. 2022 ఏప్రిల్ 4 నుండి మేము తూర్పు గోదావరి జిల్లాలోనే లేము, కోనసీమ వేరు జిల్లా అయింది. అయినా ఉత్తరము వస్తుంది. తపాలా ఆయనకు పాత చిరునామా చదవడము వచ్చు. వెబ్ పుటలను చూపే బ్రౌజర్లు ఈ తపాలా ఆయన వంటివి. కొత్తగా ఉత్తరము వ్రాసేవారికి మాత్రము, మండలము పేరు వ్రాయండి, తాలూకా వ్రాయకండి అని ప్రమాణము చెబుతుంది. వ్రాసేవారికి ఒక నియమము, చదివే యంత్రమునకు మరొక నియమము. ఈ ఏర్పాటు నాకు నచ్చింది.

అయితే ఈ ఓర్పు మొదటి నుండి అందరికీ సమ్మతము కాదట. ఈ భాషను టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయములో పుట్టించి 1991లో వివరించినప్పుడు పద్దెనిమిది ట్యాగులే. విడ్డూరమేమంటే దానికి 1.0 అనే అధికారిక కూర్పే లేదు. 1995 నవంబరులో వచ్చిన మొదటి ప్రమాణమునకే 2.0 అని పేరు పెట్టారు. 3.0 చిత్తుప్రతిగానే ముగిసిపోయింది. 4.0 తరువాత 1999 డిసెంబరులో 4.01 వచ్చింది. ఆ వెంటనే, 2000 జనవరిలో, వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమువారు ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ అనే కఠిన నియమముల రూపమును తెచ్చారు. ఆ నియమమును పూర్తిగా అమలు చేస్తే, పుటలో ఎక్కడో ఒక ట్యాగు మూయడము మరచిపోయినా బ్రౌజరు పుట మొత్తము నిరాకరించి తప్పు ఉన్నదని చూపుతుంది. పిన్‌కోడులో ఒక అంకె తప్పినందుకు తపాలా ఆయన ఉత్తరమును చించివేసినట్లు! దాని రెండవ కూర్పు పాత పుటలతో పొత్తు కుదరకుండానే తయారు కాసాగింది. అది పొసగదని ఆపిల్, మొజిల్లా, ఒపేరా సంస్థలవారు 2004లో వేరే కూటమిగా ఏర్పడి, ఉన్న పుటలను చెడగొట్టకుండా భాషను పెంచే పని మొదలు పెట్టారు. 2009లో కన్సార్షియము తన ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ రెండవ కూర్పు ప్రయత్నమును ఆపివేయ నిశ్చయించింది. ఆ కొత్త కూటమి పనియే హెచ్‌టిఎంఎల్ 5 అయింది, 2014 అక్టోబరు 28న కన్సార్షియము దానిని ప్రమాణముగా ప్రకటించింది.

వైద్యుడిగా నాకు ఈ తగవు కొత్తది కాదు. రోగి చెప్పిన చరిత్ర పొందికగా లేదని చూడకుండా పంపే వైద్యుడిని నేను వైద్యుడనను. యంత్రము కూడ అంతే. పుటలో లోపము ఉన్నా చదవగలిగినంత చదివి చూపాలి.

మనవరాలు మరొక సంగతి చెప్పింది. 4.0 కూర్పు స్ట్రైక్‌ను వద్దన్నప్పుడే రెండు కొత్త ట్యాగులను ఇచ్చింది, ‘డెల్’, ‘ఇన్స్’ అని. ఒకటి తొలగించిన మాటకు, మరొకటి చేర్చిన మాటకు. స్ట్రైక్ చెప్పేది ‘ఇక్కడ గీత గీయి’ అని మాత్రమే. డెల్ చెప్పేది ‘ఈ మాట రద్దయింది’ అని. మొదటిది రూపము, రెండవది అర్థము. అంతే కాదు, ఆ రెండు ట్యాగులలో ఎప్పుడు మార్చారో తేదీ, సమయము వ్రాసే చోటు కూడ ఉన్నది. ఆసుపత్రి కాగితము మీద గీత ప్రక్కన తేదీ! నేను మీట కనబడలేదని వదలివేసినది ప్రమాణములో 1997 నుండి ఉన్నది. హెచ్‌టిఎంఎల్ 5లో స్ట్రైక్‌ను పూర్తిగా కాలము చెల్లినదిగా ప్రకటించి, దాని తమ్ముడైన ‘ఎస్’ ట్యాగును మాత్రము ‘ఇప్పుడు సరికాని, లేక ఇప్పుడు అక్కరలేని మాట’ అనే అర్థమిచ్చి నిలబెట్టారు. దిద్దుబాట్లకు మాత్రము దానిని వాడక డెల్ వాడమన్నారు. గీతలు మూడూ తెర మీద ఒకేలా కనబడతాయి. నాడి చూడకుండా ముఖము చూసి మూడు జ్వరములూ ఒకటే అన్నట్లు ఉంటుంది.

“అయితే నేను డెల్ వాడి ఉంటే ఈ ప్రమాదము తప్పేదా?” అని అడిగాను. తప్పేదని చెబుతుందనుకున్నాను.

“తప్పేది కాదు తాతయ్యా. మాట మాత్రము తీసుకుని సందేశములో అతికిస్తే ఏ ట్యాగూ రాదు. ఇంకొకటి, చూపు లేనివారికి పుట చదివి వినిపించే సాధనాలు ఉంటాయి చూడండి, వాటిలో చాలా వరకు గీతలను వాటంతట అవి చెప్పవు. ఎనిమిది, ఆరు అని చదువుకుంటూ పోతాయి.”

ఇక్కడ నేను మీకు చెప్పవలసిన అసలు సంగతి ఉంది. 2020లో ఒక పాఠకులు నాకు లేఖ వ్రాసారు. తమకు చూపు లేదని, నా వ్యాసములు కంప్యూటరు చదువుతుంటే వింటానని మొదటి వాక్యములోనే వ్రాసారు. వారి ప్రశ్న ఒక్కటే: చక్కెర ఎనిమిదా, ఆరా? నేను ‘ఆరు చెంచాలు. వ్యాసములో స్పష్టముగానే ఉన్నది’ అని జవాబిచ్చాను. ఆ రెండవ వాక్యము తలచుకుంటే ఈనాటికీ ముఖము చెల్లదు. రోగి చెప్పిన లక్షణమును విని, ఎందుకు కలిగిందని అడుగక, మాత్ర వ్రాసి పంపివేసినట్లు ప్రవర్తించాను. వారు ఆ నాడు నాకు ఉచితముగా రోగనిర్ధారణ చేసి ఇచ్చారు. నేను రెండేళ్ళు దానిని చూడలేదు. మామ్మగారి ఫోను తరువాత వారికి క్షమాపణ వ్రాసాను. ‘ఉప్పు సంగతి కూడ ఒకటా, అరా అని అడుగుదామనుకున్నాను, మీ జవాబు చూసి ఊరుకున్నాను’ అని వారు బదులిచ్చారు.

½ అనే గుర్తుకు కూడ ఒక చిన్న చరిత్ర ఉన్నది. 2001లో నా మేనల్లుడు ఈ పుటలను నిర్మించిన నాటికి తెలుగు లిపికి యూనికోడ్‌లో చోటు దొరికి పదేళ్ళు అయింది, 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగు ఉన్నది. కాని మన ఇళ్ళలోని కంప్యూటర్లు దానిని చూపలేవు. అందుచేత ఆ రోజులలో తెలుగు పుటలు చాలావరకు ఒక మాయోపాయముతో నడిచేవి. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరముల సంకేతములే. ‘ఫాంట్’ ట్యాగుతో ఫలానా ఖతి వాడమని చెబితే, ఆ సంకేతముల స్థానములో తెలుగు అక్షరముల ముక్కలు కనబడేవి. ఖతి లేకపోతే పుట నిండా పిచ్చిగీతలు. ఆ ఫాంట్ ట్యాగు కూడ 3.2లో ప్రవేశించి 4.0లో ‘వద్దు’ అనిపించుకున్నదే! ప్రమాణములవారు వద్దన్నదాని మీదనే మన భాష కొన్ని సంవత్సరములు బ్రతికింది. వారికి అది సోకు, మనకు అది ఊపిరి.

ఆ ఖతులలో ½ గుర్తు ఉండవలసిన గడిలో ఏదో ఒక వత్తో, గుణింతపు ముక్కో కూర్చుని ఉండేది. కాబట్టి 2005లో దిద్దినప్పుడు నేను ‘అర చెంచా’ అని అక్షరములలో వ్రాసాను. ఈలోగా కంప్యూటర్లలో గౌతమి ఖతి రావడము, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఖతులను అందించడము, పాత ఖతుల వ్రాతను యూనికోడ్‌లోనికి మార్చే ‘పద్మ’ వంటి ఉపకరణములు రావడము జరిగాయి. 2007లో నా పుటలన్నీ యూనికోడ్‌లోనికి మార్పించుకున్నాను. ఆ ఉత్సాహములో, ఇప్పుడు ఏ గుర్తయినా వ్రాయవచ్చు కదా అని ‘అర’ తీసివేసి ½ పెట్టాను. పొందికగా ఉన్నదని మురిసిపోయాను. ‘1 అర చెంచా’ అని ఉంటే మామ్మగారు వెంటనే తికమకపడి ఫోను చేసేవారు. ‘1 ½’ అని ఉండడము వలన తికమక కూడ లేకుండా పోయింది. లేమిలో వ్రాసిన మాట భద్రముగా ఉన్నది, కలిమిలో పెట్టిన గుర్తు ప్రమాదము తెచ్చింది.

యూనికోడ్‌ది మరొక పద్ధతి. అక్కడ కూర్పులు వస్తూనే ఉంటాయి, 2008 నాటి 5.1లో ‘ౘాప’ వంటి మాటలలోని ౘ, ౙ అక్షరములతో పాటు నాలుగవ వంతుల లెక్కకు పూర్వము మనవారు వాడిన భిన్నపు గుర్తులు కూడ చేరాయి. కాని ఒకసారి చోటిచ్చిన అక్షరమును మరల తీసివేయరు, మరొక గడిలోనికి మార్చరు. ఆ పాత భిన్నపు గుర్తులను వాడితే ఎలా ఉంటుందని మనవరాలిని అడిగాను. “తాతయ్యా, దయచేసి వద్దు” అన్నది.

హెచ్‌టిఎంఎల్ మాత్రము ఇప్పుడు కూర్పుల సంఖ్యనే వదలివేసింది. 2004 నాటి ఆ కూటమివారు 2011 జనవరిలో, ఇక అంకెలు ఉండవు, ఇది ఎప్పటికప్పుడు సవరించుకునే ‘సజీవ ప్రమాణము’ అని ప్రకటించారు. కన్సార్షియమువారు మరికొంత కాలము 5.1, 5.2 అని సంఖ్యలు వేసారు. కొన్నేళ్ళు ఒకే భాషకు రెండు ప్రమాణములు నడిచాయి. 2019 మే 28న ఇరువురూ ఒప్పందమునకు వచ్చి, సజీవ ప్రమాణమునే ఉంచుకున్నారు. పూర్వము పుట మొదటి పంక్తిలో తాను ఏ కూర్పునకు చెందినదో పొడుగాటి ప్రవర చెప్పుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ పంక్తిలో ‘హెచ్‌టిఎంఎల్’ అన్న మాట తప్ప సంఖ్య లేదు.

వైద్యములో రెండు పద్ధతులూ ఉన్నాయి. 1955లో మొదటి కూర్పు వెలువడిన ఇండియన్ ఫార్మకోపియా, వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ కూర్పుల పద్ధతివి. 2022 జనవరి 1న ఆ వర్గీకరణ పదకొండవ కూర్పు అమలులోనికి వచ్చింది. ఒక మరణమును ఏ కూర్పు ప్రకారము లెక్కించారో తెలియకపోతే రెండు సంవత్సరముల లెక్కలను పోల్చలేము. రెండవ పద్ధతి కోవిడ్ కాలములో అందరూ చూసారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ ఔషధములపై 2020 నుండి ‘సజీవ మార్గదర్శకము’ వెలువరించింది, సాక్ష్యము మారిన కొద్దీ దానిని మార్చింది. అయితే వారు మార్చిన ప్రతిసారీ తేదీ వేసారు, ఏమి మారిందో మొదట చెప్పారు.

సజీవ ప్రమాణము పట్ల నా అభిప్రాయము చెబుతాను, మీరు ఒప్పుకోనక్కరలేదు. బ్రౌజర్లకు అది తగినదే. అవి కొద్ది వారములకు ఒకమారు తమంత తామే కొత్త రూపు దాల్చుతాయి. కాని మామ్మగారి ఫోనులోని సందేశము తనంత తాను దిద్దుకోదు. నా పుట సజీవమే కావచ్చు, దాని నుండి ఎవరో ఎత్తి పంపిన ప్రతి పుట్టిన క్షణములోనే గడ్డకట్టిపోతుంది. అది ఎన్ని చేతులు మారుతుందో నాకు తెలియదు. అటువంటి ప్రతులను వెదకి దిద్దడానికి ఆ పదకొండు రోజులలో నేను చేయగలిగినదంతా చేసాను. నాకు తెలిసిన గుంపులన్నిటికీ సవరణ పంపాను, గట్ల మీది శిబిరములలో పని చేస్తున్న ఆరోగ్య కార్యకర్తలకు ఫోనులు చేసాను. ఇద్దరి వద్ద ‘1 ½’ సందేశము ఉన్నది. వారు పొట్లములే ఇస్తున్నామని, దానిని చూసి కలపలేదని చెప్పారు. మిగిలిన ప్రతులు ఎక్కడ ఉన్నాయో!

పాత కొలతను పుటలో నుండి పూర్తిగా తీసివేయాలా అన్న దాని మీద నాకూ మనవరాలికీ రెండు రోజులు వాదన జరిగింది. నా తప్పును నేను దాచినట్లవుతుందని నా బాధ. “దాచవద్దు తాతయ్యా, చెంచా ప్రక్కన మాత్రము పెట్టవద్దు” అన్నది ఆమె. చివరకు కొలతల వాక్యములో అంకెలు లేవు, గుర్తులు లేవు, గీతలు లేవు. అన్నీ అక్షరములలోనే. తేదీ వాక్యములోనే కలిసిపోయి ఉంటుంది, ఎవరు ఎత్తి ఎక్కడ అతికించినా వెంట వెళ్ళేటట్లు. పాత కొలత చరిత్ర వ్యాసము చివరన వేరుగా, కలపడానికి పనికిరాని విధముగా, గ్రాములలో ఉన్నది. ఇతర వ్యాసములలోని గీతలను కూడ ఒక్కొక్కటిగా వెదకి తీసాను. మొత్తము పంతొమ్మిది దొరికాయి. వాటిలో నాలుగు మందుల మోతాదుల మీద ఉన్నాయి.

ఇప్పుడు ఆ వాక్యము ఇది: ‘2022 జూలైలో సరిచూసిన కొలత: శుభ్రమైన ఒక లీటరు నీటిలో, గీకి చదును చేసిన టీ చెంచాతో, ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు మాత్రమే. బిడ్డకు పట్టే ముందు మీరు రుచి చూడండి, కన్నీటి కంటె ఉప్పగా ఉంటే పారబోయండి.’ దాని క్రింద మిగిలినవి ఉన్నాయి. పొట్లము దొరికితే పొట్లమే మేలు. లీటరు పొట్లము, 200 మిల్లీలీటర్ల పొట్లము వేరు వేరు, దాని మీద ఎంత నీరని వ్రాసి ఉంటే అంత నీటిలో పొట్లమంతా ఒకేసారి కలపాలి. తల్లిపాలు మాన్పకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు పది నుండి పద్నాలుగు రోజులు ఇవ్వాలి, ఆరు నెలల లోపు వారికి అందులో సగము. కళ్ళు లోతుకు పోయినా, మగతగా ఉన్నా, ఏమీ త్రాగలేకపోయినా, విరేచనములో రక్తము కనబడినా ఇంటి వైద్యము కట్టిపెట్టి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆ వాక్యమును పుటలో పెట్టే ముందు చూపు లేని ఆ పాఠకులకు పంపాను. తమ యంత్రము సరిగా చదివిందని జవాబు వచ్చింది. తరువాత మామ్మగారికి ఫోను చేసి, కోడలి చేత పైకి చదివించమన్నాను. అప్పటికి వారు గట్టు దిగి ఇంటికి వెళ్ళి, గోడలకు పట్టిన ఒండ్రు కడుక్కుంటున్నారు. కోడలు చదివింది. మామ్మగారు విన్నారు.

“బావుందండి” అన్నారు. “కానండి, మా ఇంట్లో టీ చెంచా లేదండి. పాయసం చెంచా ఉందండి. అది పెద్దదండి. మరి దాంతోనైతే ఎంతండి?”

అందుకని మరునాడు ఐదు మిల్లీలీటర్ల మందు మూత కొలతను కూడ చేర్చాను. అది 2022 జూలై నెల రెండవ సవరణ.